రెండు కచేరీలు, ఒక రాష్ట్రం
మద్రాసు పద్ధతి – నిజాం పద్ధతి: ఒక పోలిక

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనలో చాలామంది ఒక సంగతి గమనించే ఉంటారు. ఒకే సెక్షనులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు సీనియర్లు ఒకే వస్తువును రెండు పేర్లతో పిలిచేవారు. ఒకరు ఫైలు అంటే మరొకరు మిసల్ అనేవారు. ఒకరు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు అంటే మరొకరు గిర్దావరు అనేవారు. ఒకరు అడంగలు తెమ్మంటే మరొకరు పహాణీ తెమ్మనేవారు. ఉద్యోగ విరమణ తర్వాత ఒకరికి రావలసింది పెన్షను, మరొకరికి వజీఫా. కుర్రవాళ్ళం మనం నవ్వుకునేవాళ్ళం. ఆ మాటల వెనుక దాదాపు నూట యాభై ఏళ్ళు విడివిడిగా నడిచిన రెండు ప్రభుత్వాలు, రెండు న్యాయపద్ధతులు, రెండు చదువులు ఉన్నాయని అప్పట్లో మనకు తట్టలేదు.

1956 నవంబరు 1న 11 ఆంధ్ర జిల్లాలు, 9 తెలంగాణ జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. భాష ఒకటే కాబట్టి కలయిక సులువనుకున్నారు. ఇళ్ళలో మాట్లాడే భాష ఒకటే అయినా కచేరీ భాష ఒకటి కాదు. ఆ తేడా వల్ల ఎవరికి ఏమి లాభించింది, ఎవరు ఏమి పోగొట్టుకున్నారు అన్నది పెన్షనర్లమైన మనకు, మన పిల్లలకు తెలియవలసిన చరిత్ర.

దారులు ఎక్కడ విడిపోయాయి?

ఒకప్పుడు ఈ జిల్లాలన్నీ నిజాం పాలనకు సంబంధించినవే. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు, 1800లో దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళాయి. అక్కడినుంచి రెండు దారులు. సర్కారు జిల్లాల్లో 1802 నుంచి శాశ్వత శిస్తు పద్ధతిన జమీందారీలు స్థిరపడ్డాయి. దత్త మండలాల్లో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, రైతుతో ప్రభుత్వమే నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. ఈ పాలనంతటికీ పైన మద్రాసులో బోర్డ్ ఆఫ్ రెవిన్యూ ఉండేది.

నిజాం రాజ్యంలో అప్పటికింకా శిస్తు వసూలును గుత్తకిచ్చే ఆచారం సాగుతూ ఉంది. 1853లో దివానుగా వచ్చిన మొదటి సాలార్‌జంగ్ దానిని మార్చాడు. 1865 నాటి జిలాబందీతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు. జిల్లా అధికారిని కలెక్టరు అనలేదు, అవ్వల్ తాలూక్‌దార్ అన్నారు. ఆయన కింద దోయం, సోయం తాలూక్‌దార్లు, ఆ కింద తహసీల్దార్లు. కొన్ని జిల్లాలను కలిపి సుబా అన్నారు, దాని అధికారి సుబేదార్. కొత్త యంత్రాంగాన్ని నడపడానికి ఉత్తరాదినుంచి చదువుకున్న ఉద్యోగులను తెప్పించాడు. తర్వాతి కాలంలో మన సర్వీసు వ్యవహారాలన్నిటినీ కుదిపివేసిన ముల్కీ, గైర్‌ముల్కీ తగాదాకు మొలక అక్కడే పడింది.

అయితే సాలార్‌జంగ్ సంస్కరణలు వర్తించింది దివానీ ప్రాంతానికే, అంటే సుమారు 60 శాతం భూమికి. మిగిలినదంతా జాగీర్లు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్. అక్కడ జాగీర్దారు మాటే చట్టం. జాగీర్లు రద్దయింది 1949లో. మద్రాసు రాష్ట్రంలో జమీందారీలను రద్దుచేసిన ఎస్టేట్ల రద్దు చట్టం 1948 నాటిది. ఈ ఒక్క విషయంలో రెండు కచేరీలూ దాదాపు ఒకేసారి మేల్కొన్నాయి.

ఊరి లెక్కలు

ఆంధ్ర పల్లెలో మునసబు, కరణం. మునసబు చేతిలోనే శిస్తు వసూలు, శాంతిభద్రతలు రెండూ ఉండేవి. లెక్కలు కరణానివి. తెలంగాణ పల్లెలో ముగ్గురు: శిస్తు వసూలుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారీ. కాగితం మీద చూస్తే వసూలు చేసే చేతిని, శిక్షించే చేతిని వేరుచేసిన తెలంగాణ పద్ధతే మేలు. ఆచరణలో మాత్రం దేశ్‌ముఖుల ప్రాబల్యం ఉన్న చోట ఈ ముగ్గురూ ఒకే గడీకి కట్టుబడి ఉండేవారు. వెట్టిచాకిరీ ఆ నీడలోనే బతికింది. మంచి పద్ధతి ఒక్కటే ఉంటే చాలదని ఈ ఉదాహరణ చెబుతుంది.

రెండుచోట్లా ఈ పదవులు వంశపారంపర్యం. మద్రాసు ప్రాంతంలో దీనికి 1895 నాటి చట్టం అండగా ఉండేది. గుంటూరు జిల్లాకు చెందిన ఒక గ్రామ మునసబు పదవి వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పాత మునసబు కుటుంబంవాడన్న కారణంతో ఒకరికి ప్రాధాన్యమివ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. చివరకు 1984లో కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులన్నీ ఒక్కసారే రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. రెండు కచేరీలూ నిజంగా ఒకటైంది అప్పుడే అనవచ్చు. ఇద్దరూ పోగొట్టుకున్నాక ఒకటయ్యారు!

భూమి కొలతలోనూ తేడానే. నిజాం రాజ్యంలో సర్వే బొంబాయి నమూనాలో జరిగింది కాబట్టి ఎకరానికి 40 గుంటలు. మద్రాసు నమూనాలో ఎకరానికి 100 సెంట్లు. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు. ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు. ఈనాటికీ నల్గొండ రైతు గుంటల్లో, గుంటూరు రైతు సెంట్లలోనే మాట్లాడతాడు. సర్వే పటాన్ని అక్కడ టిప్పన్ అంటారు, ఇక్కడ ఎఫ్.ఎం.బి. అంటారు. తెలంగాణలో భూతగాదా వస్తే ఇప్పటికీ సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ బయటికి రావలసిందే. పాత ఉర్దూ దస్త్రం చదివిపెట్టే మనిషికోసం వెతుక్కునే కుటుంబాలు మనకు తెలియనివి కావు.

కోర్టులు

మన ఆంధ్ర ప్రాంతపు మిత్రులు కొందరికి ఆశ్చర్యం కలిగించే విషయం ఇది. మద్రాసు రాష్ట్రంలో కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు. శిస్తు వసూలు చేసేవాడే నేరవిచారణ యంత్రాంగానికి పెద్ద. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఎంతోమంది సత్యాగ్రహులు దీని ఫలితం అనుభవించారు. ఈ రెంటినీ విడదీయమని కాంగ్రెసు దశాబ్దాలపాటు అడుగుతూ వచ్చింది. నిజాం రాజ్యంలో మాత్రం 1921లోనే ఫర్మానా ద్వారా న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుంచి వేరుచేశారు. మన రాజ్యాంగం 50వ అధికరణంలో దీనిని ఆదేశిక సూత్రంగా పెట్టింది. దేశమంతటా చట్టరీత్యా అమలైంది 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక.

దీన్నిబట్టి నిజాం పాలన ప్రజాపాలన అనుకోవడం పొరపాటు. న్యాయస్థానం వేరుగా ఉంది కాని చట్టం చేసే సభలో ప్రజలకు చోటు లేదు. మద్రాసులో 1920 నుంచి ఎన్నికలు జరిగాయి. ఓటు ఆస్తిపరులకే పరిమితమైనా, 1937 నాటికి ప్రజలెన్నుకున్న మంత్రివర్గం ఏర్పడింది. హైదరాబాదు ప్రజలు తమ ప్రభుత్వాన్ని తాము ఎన్నుకున్నది 1952లోనే, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయినప్పుడు. ఒకచోట ప్రతినిధులున్నారు, మేజిస్ట్రేటు మాత్రం కలెక్టరే. ఇంకొకచోట మేజిస్ట్రేటు వేరు, ప్రతినిధులు లేరు. ఎవరి లోటు వారిది.

కోర్టు భాష సంగతి కూడా అంతే. హైదరాబాదులో 1880ల దశకంలో పారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనంలో వాదనలు, తీర్పులు ఉర్దూలో సాగాయి. మద్రాసు హైకోర్టులో 1862 నుంచి ఇంగ్లీషు. 1951 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర చట్టాలు హైదరాబాదుకు వర్తించాయి. ఆంధ్ర రాష్ట్రానికి 1954లో గుంటూరులో ఏర్పడిన హైకోర్టు 1956 నవంబరులో హైదరాబాదుకు తరలివచ్చింది. ఉర్దూలో వాదించి పేరు తెచ్చుకున్న వకీలు కొత్త కోర్టులో ఇంగ్లీషు వెతుక్కోవలసి వచ్చింది. ఇక తెలుగు కక్షిదారు విషయానికి వస్తే, తన కేసులో గెలిచాడో ఓడాడో రెండు హైకోర్టుల్లోనూ వకీలుగారు చెబితేగాని తెలిసేది కాదు.

చదువులు

1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించిన మొట్టమొదటి విశ్వవిద్యాలయం. దానికోసం అనువాద విభాగం పెట్టి గణితం, చరిత్ర, న్యాయం, వైద్యం వరకు వందల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. వైద్య విద్య కూడా ఉర్దూలోనే చెప్పారు. ఆ రోజుల్లో ఇది సామాన్యమైన సాహసం కాదు. 1857 నాటి మద్రాసు విశ్వవిద్యాలయం, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంగ్లీషును వదలలేదు.

కాని ఉర్దూ రాజ్యంలో అత్యధికుల మాతృభాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలు పై తరగతులకు వెళ్ళాలంటే ఉర్దూ దాటి వెళ్ళాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ మొదటి సమావేశం, ఈ లోటునుంచి పుట్టుకొచ్చినవే.

నిదానంగా ఆలోచిస్తే, రెండు ప్రాంతాల తెలుగువాడికీ పెద్ద చదువు పరాయి భాషలోనే దొరికింది. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966 నాటిది, తెలుగులో కళాశాల పుస్తకాల కోసం తెలుగు అకాడమీ ఏర్పడింది 1968లో. అనువాద విభాగం పెట్టి ఉస్మానియా చేసిన పనిని అర్ధశతాబ్దం తర్వాత తెలుగుకోసం మళ్ళీ మొదలుపెట్టామన్నమాట.

ఫసలీ చిక్కు

ఇప్పుడు మన సర్వీసు రిజిస్టరుకు వద్దాం. ఊహకోసం 1931 ఆగస్టు 15న పుట్టిన ఇద్దరు పిల్లల్ని తీసుకుందాం. ఒకరు మద్రాసు రాష్ట్రం కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో, మరొకరు దానికి పొరుగున నిజాం రాజ్యంలోని మధిరలో పుట్టారు. రెండు ఊళ్ళకూ మధ్య కొద్ది మైళ్ళ దూరం, ఒక సరిహద్దు.

ఫసలీ సంవత్సరం రెండు కచేరీల్లోనూ ఉంది. మద్రాసులో జూలై 1న మొదలయ్యేది, దానిని రెవిన్యూ లెక్కలకే వాడేవారు. నిజాం రాజ్యంలో అక్టోబరు మొదటివారంలో ఆజూర్ నెలతో మొదలై, ఆబాన్ నెలతో ముగిసేది. కచేరీ వ్యవహారమంతా ఆ తేదీల్లోనే. అందుచేత అదే రోజు నందిగామ రెవిన్యూ లెక్కల్లో 1341 ఫసలీ, మధిర కచేరీలో 1340 ఫసలీ.

మధిర కుర్రవాడి పుట్టినతేదీ మెహెర్ నెల, 1340 ఫసలీ అని రాసి ఉంటుంది. దానిని ఇంగ్లీషు తేదీగా మార్చాలంటే ఆజూర్, దై, బహమన్ నెలలకు 590 కలపాలి, జనవరి దాటిన నెలలకు 591 కలపాలి. 590 ఒక్కటే గుర్తున్న గుమాస్తా మెహెర్ నెలకు కూడా అదే కలిపితే 1931 కాస్తా 1930 అవుతుంది. 58 ఏళ్ళ విరమణ వయసు ఉన్న కాలంలో ఆ ఉద్యోగి 1989 ఆగస్టులో కాక 1988 ఆగస్టులోనే ఇంటికి వెళ్ళాలి. ఒక అంకె తేడాతో ఒక ఏడాది జీతం, ఒక ఇంక్రిమెంటు, దానిమీద లెక్కకట్టే పెన్షను పోతాయి. నందిగామ మిత్రుడికి ఈ గండం లేదు.

జీతం లెక్కలోనూ ఇటువంటిదే. హైదరాబాదు హాలీ సిక్కా 7 రూపాయలు బ్రిటిషు కల్దారు 6 రూపాయలకు సమానం. కల్దారు రూపాయికి హాలీ రూపాయి రెండణాల ఎనిమిది పైసలు. భారత ప్రభుత్వ నాణెం వచ్చాక 70 హాలీ రూపాయల జీతం 60 రూపాయలైంది. విలువ ఒకటేనని ఖజానా చెబితే, ఇంట్లో ఇల్లాలికి మాత్రం పది రూపాయలు తగ్గినట్టే కనిపించింది.

కలిసిన తర్వాత

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు కచేరీ భాష ఉర్దూనుంచి ఇంగ్లీషుకు మారసాగింది. మెట్రిక్ వరకు ఉర్దూలో చదివి, నోట్‌ఫైలు చక్కగా రాయగల అహల్కారు కొద్దికాలంలోనే రాతకోతలు రానివాడిలా కనిపించాడు. అతని తెలివి తగ్గలేదు, కొలిచే కొలబద్ద మారింది. బయటి ప్రాంతాలనుంచి ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు వచ్చారు. 1952లో ముల్కీ ఆందోళన చెలరేగి, హైదరాబాదులో కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఇంకొక పక్క ఆంధ్ర రాష్ట్రం ఆదాయానికి కటకటలాడుతున్నది. మద్రాసునుంచి వారసత్వంగా వచ్చిన మద్యనిషేధం అక్కడ అమల్లో ఉంది. ఆ ప్రశ్నమీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలంగాణకు ఆబ్కారీ ఆదాయం ఉంది. ఆ డబ్బు ఎటు పోతుందోనన్న భయం అక్కడివారిది. 1955లో ఫజల్ అలీ కమిషను తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమన్నది ఇటువంటి కారణాలు చూసే. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, నవంబరులో రాష్ట్రం ఏర్పడింది.

ఉద్యోగుల విషయంలో రాష్ట్రాల పునర్విభజన చట్టం 115వ సెక్షను ఒక మంచి మాట చెప్పింది: విలీనానికి ముందున్న సర్వీసు షరతులను కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగికి నష్టం కలిగేలా మార్చరాదు. ఈ రక్షణ వల్ల ఆంధ్ర ఉద్యోగికి మద్రాసు నిబంధనలు, తెలంగాణ ఉద్యోగికి హైదరాబాద్ సివిల్ సర్వీస్ రెగ్యులేషన్లు చాలాకాలం తోడుగా వచ్చాయి. కాని హోదాల సమానత్వం తేల్చడం తలకుమించిన పనైంది. అక్కడి పేష్కారు ఇక్కడి ఏ పదవికి సమానం? ఎవరు సీనియరు? ఉమ్మడి సీనియారిటీ జాబితాలు ఏళ్ళ తరబడి సాగి, కోర్టులకెక్కాయి. జాబితా తేలేలోగా విరమణ చేసినవారు ఆ తరంలో ఎందరో.

స్థానికులకు ఉద్యోగాలు కేటాయించే 1957 నాటి చట్టంలోని నివాస నిబంధనను సుప్రీంకోర్టు 1969 మార్చిలో కొట్టివేసింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో తీర్పు చెప్పింది. మొదటిది తెలంగాణ ఉద్యమ కాలంలో వచ్చింది, రెండోదాని వెంట జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973 ఆరు సూత్రాల పథకం, 371–డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో 610 జీ.వో., ఇవన్నీ ఆ ఒక్క ముడిని విప్పడానికి చేసిన ప్రయత్నాలే. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. ఉద్యోగుల పంపిణీకి కమలనాథన్ కమిటీ కూర్చుంది. పెన్షన్ల భారాన్ని జనాభా నిష్పత్తిలో 58.32, 41.68 శాతంగా పంచుకున్నారు. కలిపేటప్పుడు పడ్డ తంటాలు విడదీసేటప్పుడు మళ్ళీ పడ్డాం.

ఈ పోలిక నేర్పేది

రెండు పద్ధతుల్లో ఏది గొప్ప అని అడిగితే సూటిగా జవాబు లేదు. న్యాయశాఖను వేరుచేయడంలో, దేశభాషలో విశ్వవిద్యాలయం నడపడంలో హైదరాబాదు ముందుంది. ఎన్నికలు, రైతుకు నేరుగా పట్టా, బోర్డు అజమాయిషీలో దస్త్రాల కట్టుదిట్టం, ఇవి మద్రాసు బలాలు. కలిసిన నాడు రెండింటిలో మంచిని ఏరుకునే అవకాశం వచ్చింది. దానికి బదులు సంఖ్యాబలం, ఇంగ్లీషు బలం ఉన్న పద్ధతే ప్రమాణమై, రెండోది వెనుకబడినదిగా ముద్ర వేసుకున్నది. ఒకరి అలవాటుతో ఇంకొకరిని కొలిచినందువల్ల కలిగిన నొప్పి తరాలపాటు మానలేదు. మన తరువాతివారు కంప్యూటరు రికార్డులకో, కొత్త మండలాలకో, కొత్త నిబంధనలకో మారేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో 2020లో గ్రామ రెవిన్యూ అధికారుల వ్యవస్థను తీసివేసి, 2025లో గ్రామ పాలన అధికారులను మళ్ళీ నియమించవలసి వచ్చింది. పాతదాన్ని తీసేముందు అది ఏ పని చేస్తున్నదో చూడాలని దీన్నిబట్టి తెలుస్తున్నది.

సభ్యమిత్రులకు ఒక మనవి. మీ ఇళ్ళలో తండ్రులవీ, తాతలవీ పాత సర్వీసు పుస్తకాలు, ఉర్దూ ఉత్తర్వులు, పట్టా కాగితాలు, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయవద్దు. ఉర్దూ, మోడీ లిపి చదవగలిగినవారు ఇంకా కొద్దిమంది ఉన్నారు. వారు ఉండగానే చదివించి, పక్కన తెలుగులో రాసి పెట్టండి. ఏ తేదీకి 590 కలపాలో, ఏ తేదీకి 591 కలపాలో మన మనుమలకు చెప్పగలిగేది మనమే.